బండిలో డిష్ టీవీ: నెల్లూరు, ప్రకాశం వైపు తిరిగేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

క్యారవాన్ అంటే సినిమావాళ్లదే అనుకునే రోజులు పోయాయి. ట్రావెలర్ వ్యాన్ తీసుకుని, వెనక మంచాలు, చిన్న వంటగట్టు పెట్టించుకుని ఇంటిల్లిపాదీ తిరిగేవాళ్లు మన వైపు కూడా కనిపిస్తున్నారు. బండి తయారయ్యేటప్పుడు అందరూ ఏసీ గురించి ఆలోచిస్తారు. టీవీ మాట మాత్రం మొదటి రాత్రి ఏ మైపాడులోనో ఆగాక, వెనక సీట్లోంచి “అబ్బయ్యా, సీరియల్ టైమైంది” అని వినపడ్డాకే గుర్తొస్తుంది. ఆ రాత్రి రాకముందే చదవాల్సిన సంగతులివి.

బండి నడుస్తుండగా డిష్ టీవీ చూడొచ్చా?

మామూలు డిష్‌తో కుదరదు. 60 సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో చూసే ముక్క వెడల్పు సుమారు 3 డిగ్రీలు. అందులో ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే సిగ్నల్ సగానికి పడిపోతుంది. హైవే మీద లేన్ మారినా బండి ముక్కు అంతకంటే ఎక్కువే తిరుగుతుంది. నడిచే బండిలో బొమ్మ ఆగకుండా రావాలంటే, బండి ఎటు తిరిగినా తాను ఉపగ్రహం వైపే చూస్తూ తిరిగే యంత్రం కావాలి. అమెరికాలో పెద్ద ఆర్‌వీల (అక్కడి క్యారవాన్ల) మీద, సముద్రంలో పడవల మీద తెల్లటి బోర్లించిన గిన్నెల్లా కనిపించేవి అవే. కేవీహెచ్, వైన్‌గార్డ్ లాంటి కంపెనీలు వాటిని తయారుచేస్తూ వచ్చాయి. నడుస్తూ పనిచేసే రకం ధర అక్కడే వేల డాలర్లు.

మనకు అది దండగ అనే నా అభిప్రాయం. నెల్లూరు నుంచి ఒంగోలుకు ఎన్‌హెచ్-16 మీద రెండు గంటల్లోపే. ఆ కాసేపటికి పెన్‌డ్రైవ్‌లో సినిమా చాలు. ఆగినప్పుడు టీవీ, నడిచేటప్పుడు కిటికీ. ఇక ఏ టీవీ అయినా డ్రైవర్ కంటికి కనపడని చోట ఉండాలి, ఇందులో బేరం లేదు.

అయితే ఏం కొనుక్కోవాలి?

మూడు దారులున్నాయి. ఒకటి, విడిగా మడిచి పెట్టుకునే ముక్కాలి స్టాండ్ మీద మామూలు డిష్. రెండు, బండి పైకప్పు మీద బిగించి, ఆగినప్పుడు పైకి లేపేది. మూడు, బటన్ నొక్కితే తానే ఉపగ్రహాన్ని వెతుక్కునే ఆటోమేటిక్ రకం.

మన ఎండలకు మొదటిదే మేలు. మే నెలలో బండిని నీడలో పెట్టకపోతే లోపల కూర్చోలేం. డిష్‌కు మాత్రం తెరిచిన ఆకాశం కావాలి. పైకప్పు మీద డిష్ ఉంటే ఈ రెండిట్లో ఒకటి వదులుకోవాల్సిందే. స్టాండ్ మీద ఉంటే బండి వేపచెట్టు కింద, డిష్ పదిహేను మీటర్ల అవతల ఎండలో. మధ్యలో ఒక ఆర్‌జీ-6 కేబుల్. ఆ మాత్రం పొడవుకు సిగ్నల్ నష్టం లెక్కలోకి రాదు.

60 సెంటీమీటర్ల డిష్, యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు చేతి చివర ఉండి సిగ్నల్ పట్టే ముక్క), బరువైన స్టాండ్, రెండు పానాలు, బుడగ మట్టం ఒకటి. సామాను ఇంతే.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఆర్‌వీ డోమ్ పంపిస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా?

నెల్లూరులో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. వద్దని చెప్పండి. కారణాలు రెండు. అక్కడి డైరెక్‌టీవీ, డిష్ నెట్‌వర్క్ సిగ్నల్ గుండ్రంగా మెలి తిరుగుతూ వస్తుంది. మన డీటీహెచ్ సిగ్నల్ నిలువు, అడ్డం అనే రెండు పద్ధతుల్లో తిన్నగా వస్తుంది. అక్కడి ఎల్‌ఎన్‌బీ లోపలి ఫ్రీక్వెన్సీ కూడా వేరు, మన బాక్సుకు పొత్తు కుదరదు. పైగా ఆ డోమ్‌లో నమోదై ఉండేవి అమెరికా మీద ఉన్న ఉపగ్రహాలు. అది మైపాడు ఒడ్డున కూర్చుని వాటి కోసం వెతుకుతూనే ఉంటుంది. ఆ డబ్బుతో అబ్బాయిని ఒక మంచి లిథియం బ్యాటరీ కొనిపెట్టమనండి.

డిష్‌ను ఎటు తిప్పాలి?

ఆగ్నేయం వైపు, బాగా ఎత్తుగా. ఇంట్లో వంటగది ఎటు ఉండాలంటారో అటే.

ఒక్కో కంపెనీ ఉపగ్రహం ఒక్కో చోట ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్‌కు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15. టాటా ప్లేకు 83 డిగ్రీలు, డీ2హెచ్‌కు 88, డిష్ టీవీకి 95, ఎయిర్‌టెల్‌కు 108.2. నెల్లూరు రేఖాంశం దాదాపు 80 కాబట్టి ఇవన్నీ మనకు తూర్పు వైపే ఉంటాయి. నెల్లూరులో నిలబడి చూస్తే లెక్క ఇలా వస్తుంది (దిక్కు డిగ్రీలు ఉత్తరం నుంచి కుడివైపుగా, ఎత్తు డిగ్రీలు నేల మట్టం నుంచి పైకి):

టాటా ప్లే: దిక్కు 168, ఎత్తు 73
డీ2హెచ్: దిక్కు 151, ఎత్తు 71
ఫ్రీ డిష్: దిక్కు 136, ఎత్తు 67
డిష్ టీవీ: దిక్కు 133, ఎత్తు 66
ఎయిర్‌టెల్: దిక్కు 115, ఎత్తు 53

ఒంగోలు వెళ్లినా ఒకటి రెండు డిగ్రీల తేడానే. నెల్లూరులో కుదిరిన కోణాన్ని డిష్ వెనక మార్కర్‌తో గీసి పెట్టుకుంటే కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం ఎక్కడైనా అదే గీతతో మొదలుపెట్టొచ్చు.

ఫోన్‌లో దిక్సూచి చాలు. కాకపోతే బండికి నాలుగడుగులు దూరం వచ్చి చూడండి. ఇనుప బాడీ పక్కన ఏ దిక్సూచీ నిజం చెప్పదు. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇంకో సంగతి. మనం వాడే డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది నుంచి చూస్తుంది. అందుకే డిష్ ముఖం 67 డిగ్రీలు ఎత్తి ఉన్నట్టు కంటికి కనిపించదు, అంతకంటే ఇరవై పాతిక డిగ్రీలు కిందికి చూస్తున్నట్టే ఉంటుంది. కంటి అంచనాను నమ్మకుండా వెనక బ్రాకెట్ మీద అచ్చు వేసిన అంకెలనే చూడండి. ఆ అంకెలు నిజం కావాలంటే స్టాండ్ గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. బుడగ మట్టం అందుకే.

దిక్కూ ఎత్తూ సరిగ్గానే పెట్టాను. బాక్సులో స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, బొమ్మ మాత్రం లేదు. ఎందుకు?

స్ట్రెంగ్త్ గీతను పట్టించుకోకండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, అది ఎంతో కొంత చూపిస్తుంది. చూడాల్సింది క్వాలిటీ గీత. అది సున్నా దగ్గరే ఉందంటే డిష్ ఖాళీ ఆకాశాన్నో, పక్క ఉపగ్రహాన్నో చూస్తోందని అర్థం. 91.5, 93.5, 95 డిగ్రీల్లో వరసగా ఉపగ్రహాలు ఉన్నాయి. సిగ్నల్ వెతకడానికి వాడే, కుయ్యిమనే చౌక మీటరు ఏది దొరికినా ఒకేలా కూస్తుంది, అది ఎవరిదో దానికి తెలియదు.

చాలామంది చేసేది, డిష్‌ను గబగబా ఊపేయడం. డిజిటల్ బాక్సుకు సిగ్నల్ దొరికాక దాన్ని పట్టుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఒక డిగ్రీ జరపండి, మనసులో ఐదు లెక్కపెట్టండి, మళ్లీ జరపండి. ఒకరు డిష్ దగ్గర, ఒకరు టీవీ దగ్గర ఉండి, “వచ్చింది వచ్చింది, పోయింది” అని అరుచుకునే పాత దూరదర్శన్ పద్ధతే ఇప్పటికీ అన్నిటికంటే గట్టిది. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి టీవీ ముందు నిలబెడితే అరుపులు కూడా అక్కర్లేదు.

అప్పటికీ రాకపోతే ఎల్‌ఎన్‌బీ మెలిక చూడండి. దక్షిణాదిన ఇది పెద్ద విషయం. 93.5 ఉపగ్రహానికి నెల్లూరులో ఎల్‌ఎన్‌బీని దాదాపు 40 డిగ్రీలు పక్కకు తిప్పి పెట్టాలి. నిటారుగా బిగిస్తే సగం చానళ్లు వచ్చి సగం రాకపోవచ్చు, అసలు ఏవీ రాకపోవచ్చు. క్లాంపు వదులు చేసి, డిష్ కదలకుండా, ఎల్‌ఎన్‌బీని మాత్రం కొంచెం కొంచెంగా తిప్పుతూ క్వాలిటీ ఎక్కడ పైకి పోతుందో అక్కడ బిగించండి.

చెట్టు కింద డిష్ పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఆకులు, ముఖ్యంగా తడి ఆకులు, ఈ సిగ్నల్‌ను మింగేస్తాయి. సరుగుడు తోపుల్లో సన్నటి ఆకేగా అనుకుంటారు, అదీ అడ్డమే. కొబ్బరితోటలో ఇంకో చిక్కు ఉంది. గాలికి మట్ట ఊగినప్పుడల్లా బొమ్మ వచ్చిపోతుంటుంది. డిష్ చెడిపోయిందని విప్పి కూర్చోకుండా ఒకసారి తలెత్తి చూడండి.

మనకు ఉపగ్రహం బాగా ఎత్తులో ఉండటం ఒక వరం. ఎయిర్‌టెల్ తప్ప మిగతావన్నీ 65 డిగ్రీలకు పైనే. కాబట్టి ముందున్న మేడలు, గోడలు, లారీలు అడ్డం రావడం అరుదు. పది అడుగుల గోడకు ఐదడుగుల దూరం ఇస్తే చాలు. తల మీద ఉన్న కొమ్మతోనే పేచీ.

పెంచలకోన, భైరవకోన లాంటి కొండల మధ్య వస్తుందా?

వస్తుంది. వెలుగొండలు మనకు పడమటి వైపు, ఉపగ్రహాలు ఆగ్నేయం వైపు. ఉదయగిరి దుర్గం కొండ కింద తూర్పు వైపు ఆగితే కొండ మీ వీపు వెనక ఉంటుంది. భైరవకోనలో లోయలోకి దిగితే రెండు పక్కలా రాయే అయినా, 67 డిగ్రీల ఎత్తును అడ్డుకోవాలంటే గోడలా నిలువుగా లేచిన కొండ దగ్గరగా ఉండాలి. అక్కడ కూడా చెట్లే అడ్డం. కంభం చెరువు కట్ట దగ్గర తెరిచిన ఆకాశం కావలసినంత.

దోర్నాల దాటి నల్లమలలోకి వెళ్తే మాట వేరు. అది పులుల అభయారణ్యం, రాత్రిపూట ఆ దారిన వాహనాలను వదలరు. దారి పక్కన ఆగి డిష్ నిలబెట్టే ఆలోచనే వద్దు. టీవీ కావాలంటే దోర్నాలలో, లేదా శ్రీశైలం చేరాక.

వాన పడితే బొమ్మ పోతుంది. పెద్ద డిష్ కొంటే తీరుతుందా?

కొంత తీరుతుంది. ఈ సిగ్నల్ కేయూ బ్యాండ్‌లో, 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. ఆ అలలను పెద్ద చినుకులు పీల్చి చెదరగొడతాయి. తుంపరకు ఏమీ కాదు. కుండపోతకు ఏ డిష్ అయినా చేతులెత్తేస్తుంది, మధ్యలో ఉన్న వానలకే పెద్ద డిష్ పనికొస్తుంది. 60 నుంచి 90 సెంటీమీటర్లకు వెళితే విస్తీర్ణం రెండింతలకు పైనే. కానీ 90 డిష్‌ను బండిలో ఎక్కడ పెడతారు? గాలి కూడా దాన్ని ముందు పడేస్తుంది. 60తోనే సరిపెట్టుకోమంటాను.

మన జిల్లాలకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి బంగాళాఖాతం మీద నుంచే వస్తాయి, డిష్ చూసేదీ ఇంచుమించు అటే. అందుకే చినుకు మన నెత్తిన పడకముందే బొమ్మ ముక్కలు ముక్కలు కావడం మొదలవుతుంది. దాన్ని వాన కబురుగా తీసుకుని బయట ఆరేసిన బట్టలు తీసుకోవచ్చు. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజు, ఉరుములున్న సాయంత్రం కేబుల్‌ను బాక్సు నుంచి ఊడదీసి, డిష్ మడిచి లోపల పెట్టేయండి. ఇనుప స్టాండ్‌ను ఖాళీ మైదానంలో నిలబెట్టి పిడుగుకు ఎదురు పంపొద్దు.

మార్చిలో వాన లేదు, మబ్బు లేదు, పొద్దున బొమ్మ పోయి కాసేపటికి తానే వచ్చింది. ఏమిటది?

సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చాడు. ఏడాదికి రెండుసార్లు, మన అక్షాంశంలో మార్చి నడుమ ఒకసారి, సెప్టెంబరు చివర్లో ఒకసారి, కొన్ని రోజుల పాటు రోజుకు కొన్ని నిమిషాలు ఇలా అవుతుంది. డిష్‌లోకి సూర్యుడి రేడియో హోరు నిండిపోయి అసలు సిగ్నల్ వినపడదు. 93.5 ఉపగ్రహానికి మన దగ్గర ఇది ఉదయం 11 గంటల ప్రాంతంలో.

దీనివల్ల ఒక లాభం ఉంది. ఆ రోజుల్లో 11 గంటలకు సూర్యుడు ఉన్నచోటే ఉపగ్రహమూ ఉన్నట్టు. ఆ సమయానికి డిష్ మీద చెట్టు నీడ పడుతుంటే, ఆ చెట్టు ఏడాదంతా అడ్డమేనని తేలిపోతుంది. ఒకేచోట నెలల తరబడి బండి పెట్టుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ సుమారు 30 వాట్లు, బాక్సు 10 నుంచి 15. ఇన్వర్టర్ నష్టం కలిపి 50 వాట్లు అనుకోండి. 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో సగమే వాడాలి, అంటే 600 వాట్ అవర్లు. కాగితం మీద 12 గంటలు. అదే బ్యాటరీ మీద ఫ్యాను, ఫ్రిజ్ కూడా ఉంటే ఆ లెక్క చెల్లదు.

చాలా సెట్‌టాప్ బాక్సులు 12 వోల్టుల డీసీ మీదే నడుస్తాయి, అడాప్టరు మీద రాసి ఉంటుంది. అలాంటప్పుడు బ్యాటరీ కరెంటును ఇన్వర్టర్‌తో 230 చేసి, మళ్లీ అడాప్టరుతో 12 చేయడం తిరుగుడు పని. అలాగని నేరుగా తగిలించొద్దు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే 12 కాస్తా 14 దాటుతుంది. మధ్యలో 12 వోల్టులకు నిలబెట్టే చిన్న డీసీ కన్వర్టరు పెట్టించండి. చీమకుర్తి గ్రానైట్ లారీల క్యాబిన్లో టీవీ పెట్టుకునే డ్రైవరన్నలు మరీ జాగ్రత్త. లారీది 24 వోల్టులు. బాక్సు ఒక్క సెకనులో మాడిపోతుంది.

టీవీ చూసే బ్యాటరీ, బండి స్టార్ట్ చేసే బ్యాటరీ వేరువేరుగా ఉండాలి. లేకపోతే రాత్రి సినిమా చూసి, పొద్దున్నే బీచ్ ఇసుకలో బండి తోయాలి.

రోహిణి కార్తెలో మూసిన బండిలో బాక్సు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేడెక్కి తానే ఆగిపోతుంటే, దాన్ని అల్మారాలోంచి బయటికి తీసి గాలి తగిలేచోట పెట్టండి. రిపేరు అదే.

సముద్రం ఒడ్డున జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

గాలి, ఇసుక, ఉప్పు. స్టాండ్ మధ్యలో నీళ్ల క్యాన్ వేలాడదీయండి, లేకపోతే మధ్యాహ్నం సముద్రపు గాలికి దిక్కు మారుతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ బిగించే ఎఫ్ కనెక్టరు ఉప్పుగాలికి త్వరగా చిలుముపడుతుంది. దాని మీద రబ్బరు టేపు చుట్టి, ఒడ్డు నుంచి వచ్చాక మంచినీళ్లతో డిష్ తుడిచి లోపల పెట్టండి. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు, ఎక్కడికి వెళ్లొచ్చినా ఇంతే.

శబరిమల, కాశీ యాత్రలకు ఇదే డిష్ పనికొస్తుందా? రీఛార్జ్ వేరే చేయాలా?

డిష్, బాక్సు, రీఛార్జ్ అన్నీ అవే. డీటీహెచ్ సిగ్నల్ దేశమంతా పడుతుంది, జిల్లా దాటితే ఆగేది కాదు. ఇంట్లో బాక్సునే విప్పి తీసుకెళ్లొచ్చు. తిరిగొచ్చే దాకా ఇంట్లో ఉన్నవాళ్లతో మాట పడాల్సి ఉంటుంది, అంతే.

మారేది కోణం. ఫ్రీ డిష్‌నే తీసుకుంటే, శబరిమల దగ్గర ఎత్తు 68, అంటే ఇక్కడికీ అక్కడికీ ఒక్క డిగ్రీ. దిక్కు మాత్రం 136 నుంచి 119కి, తూర్పు వైపుకు జరుగుతుంది. ఎల్‌ఎన్‌బీ మెలిక కూడా దాదాపు 60 డిగ్రీలకు పెరుగుతుంది. కాశీలో దిక్కు 157, ఎత్తు 58, మెలిక 20 చిల్లర. తిరుమలకు పెద్దగా ఏదీ మార్చనక్కర్లేదు.

నెలనెలా కట్టకుండా కుదరదా?

డీడీ ఫ్రీ డిష్ ఉందిగా. 2004 డిసెంబరులో మొదలైంది, బాక్సు కొన్నాక నెల చందా లేదు. ఎప్పుడో ఒకసారి బండి తీసేవాళ్లకు అదే సుఖం. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. మిగతావి ఎక్కువగా హిందీ. సీరియళ్ల కోసమే అయితే ఇంట్లో ఒప్పుకోరు.

క్రికెట్ వాళ్లకు మాత్రం ఇది బంగారం. 2007లో వచ్చిన చట్టం ప్రకారం భారత జట్టు ఆడే వన్డేలు, టీ20ల ప్రసారాన్ని హక్కులు కొన్న చానల్ దూరదర్శన్‌తో పంచుకోవాలి. 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పంచుకున్న ప్రసారం ఫ్రీ డిష్‌లో వస్తుంది గానీ ప్రైవేటు డీటీహెచ్‌లో, కేబుల్‌లో దూరదర్శన్ చానల్ మీద రాదు. ఐపీఎల్‌కు ఈ చట్టం వర్తించదు.

ఫోన్‌లోనే అన్నీ వస్తున్నాయి కదా, ఇంత తిప్పలెందుకు?

హైవే వెంట నిజమే, అక్కర్లేదు. హాట్‌స్పాట్ పెట్టి చూసుకోండి. గిద్దలూరు దాటి అడవి వైపు, సోమశిల వెనక పల్లెల్లో, డేటా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయే చోట్ల డిష్ విలువ తెలుస్తుంది. పండగ రోజుల్లోనూ అంతే. రొట్టెల పండగకు నెల్లూరు స్వర్ణాల చెరువు చుట్టూ ఎన్ని ఫోన్లుంటాయో చూశారుగా, టవరు ఎంతమందికని పంచుతుంది? ఉపగ్రహానికి చూసేవాళ్లు పదిమందైనా పది లక్షలైనా ఒకటే.

పైకప్పు మీద డిష్ బిగిస్తే ఆర్‌టీఓ పట్టుకుంటారా?

రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. క్యారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. పైన శాశ్వతంగా ఏదైనా బిగించే ముందు బండి కట్టేవాళ్లను ఆ మాట అడగండి. విడి స్టాండ్‌కు ఈ గొడవే లేదు. పైగా నెల్లూరు ఊళ్లో రైలు పట్టాల కింద అండర్‌బ్రిడ్జిలు దూరేటప్పుడు పైన ఏముందో గుర్తు తెచ్చుకోవాల్సిన పని కూడా ఉండదు.

ఈ ఉపగ్రహాలన్నీ మన శ్రీహరికోట నుంచి వెళ్లినవేనా?

పులికాట్ వైపు వెళ్లిన ప్రతి బండిలో పిల్లలు అడుగుతారు. జీశాట్-15 వెళ్లింది 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి, ఏరియన్-5 రాకెట్ మీద. టాటా ప్లే వాడే జీశాట్-24 కూడా 2022 జూన్‌లో అక్కడి నుంచే. రెండిటినీ తయారుచేసింది మాత్రం ఇస్రోనే.

ముందు గదిలో ఒకటి, వెనక మంచం దగ్గర ఒకటి, రెండు టీవీలు పెట్టొచ్చా?

ఒకే చానల్ అయితే బాక్సు నుంచి రెండో టీవీకి తీగ లాగితే చాలు. వేరువేరు చానళ్లు కావాలంటే రెండు కేబుళ్లు తగిలే ట్విన్ ఎల్‌ఎన్‌బీ, రెండో బాక్సు, రెండో కనెక్షన్ కావాలి. ఇరవై అడుగుల బండిలో రెండు టీవీల శబ్దం ఎలా ఉంటుందో ముందు ఆలోచించుకోండి. ఒకరికి హెడ్‌ఫోన్స్ కొనిస్తే చవక.